ఎండీ5 ఆగాల్సింది, ఆగలేదు: ఫిప్స్ కంటైనర్ ఇమేజ్‌లతో నా అనుభవం

కస్టమర్ పంపిన సెక్యూరిటీ ప్రశ్నావళిలో ఒక గడి దగ్గర టీమ్ అంతా ఆగిపోయాం. "మీరు వాడే క్రిప్టోగ్రాఫిక్ మాడ్యూల్ సర్టిఫికెట్ నంబరు" అని ఉంది, అంటే ఎన్‌క్రిప్షన్ చేసే కోడ్‌కు ఉన్న ధ్రువపత్రం నంబరు. అంతకుముందు ఇలాంటి చోట "ఏఈఎస్-256, టీఎల్ఎస్ 1.2 ఆపైన" అని ఎన్‌క్రిప్షన్ పద్ధతుల పేర్లు రాసి పంపేవాళ్లం. ఎవరూ మారు ప్రశ్న వేసేవారు కాదు. ఈ కస్టమర్ మాత్రం అమెరికా ఫెడరల్ సంస్థలకు సేవలందించే కంపెనీ. వాళ్లకు అల్గారిథం పేరుతో పని లేదు, నంబరు కావాలి.

ఆ నంబరు ఫిప్స్ 140 కింద వచ్చేది, క్రిప్టోగ్రఫీ కోడ్‌కు అమెరికా ప్రభుత్వం పెట్టిన ప్రమాణం అది. దానికి గట్టి ఎన్‌క్రిప్షన్ పెట్టుకుంటే చాలనుకునేవాళ్లు ఎక్కువ. అల్గారిథం ఆమోదిత జాబితాలో ఉంటే సరిపోదు. దాన్ని అమలు చేసిన కోడ్‌ను గుర్తింపు ఉన్న ల్యాబ్ పరీక్షించాలి. ఆ నివేదికను సీఎంవీపీ చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. అమెరికాలోని ప్రమాణాల సంస్థ నిస్ట్, కెనడా సైబర్ సెక్యూరిటీ కేంద్రం కలిసి నడిపే కార్యక్రమం అది. ధ్రువీకరణ లేని కోడ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన డేటాను వాళ్ల లెక్కలో అసలు ఎన్‌క్రిప్ట్ చేయనట్టే చూస్తారు. గణితం ఒకటే, బైట్లు ఒకటే, అయినా ఒకటి చెల్లుతుంది, ఇంకోటి చెల్లదు. ఇది నాకు మొదట్లో ఉత్త కాగితాల గొడవలా అనిపించింది. పని సగంలోకి వచ్చాక ఆ అభిప్రాయం మారింది.

అదే ప్రశ్నావళిలో ఇంకో గడి: ప్రతి ఇమేజ్ స్కాన్ నివేదిక, తెలిసిన బలహీనతల జాబితా, ఒక్కోదానికి మీ జవాబు. ఇమేజ్ అంటే అప్లికేషన్‌ను, దానికి కావలసిన ఫైళ్లన్నిటినీ కలిపి కట్టిన మూట, దాన్ని నడిపితే కంటైనర్. మా పైథాన్ సర్వీసులు డెబియన్ 12 లినక్స్ స్లిమ్ ఇమేజ్ మీద ఉండేవి. స్కానర్ తిప్పితే వచ్చే జాబితాలో మా అప్లికేషన్ ఎప్పుడూ ముట్టుకోని ప్యాకేజీలే ఎక్కువ. పెర్ల్ ముక్కలు, మౌంట్ ఉపకరణాలు, ప్యాకేజీలు వేసే ఏపీటీ, దాని వెనకాల వచ్చేవి. ఫిప్స్ పని నాకు, ఇమేజ్‌లు చిన్నవి చేసే పని ఇంకో టీమ్‌కు అని మేనేజర్ పంచబోయారు. రెండూ ఒకరి చేతిలోనే ఉంటే మంచిదని అడిగి తీసుకున్నాను. ఆ ఇమేజ్‌లో క్రిప్టో చేసే లైబ్రరీలు ఏమేం ఉన్నాయో రాసుకుంటూ పోతే, పైథాన్ వాడే ఓపెన్ఎస్ఎస్ఎల్ ఒక్కటే కాదు. ఏపీటీ కోసం జీఎన్‌యూటీఎల్ఎస్, దాని కింద నెట్టిల్, పక్కన లిబ్‌జీక్రిప్ట్ కూడా ఉన్నాయి. ఇన్ని ఉన్న చోట "మా క్రిప్టో అంతా ఒక్క మాడ్యూల్ గుండానే వెళ్తుంది" అని సంతకం పెట్టడం ఎలా? చిన్న ఇమేజ్ అంటే డిస్కు ఆదా, డౌన్‌లోడ్ వేగం అంటుంటారు. నా మటుకు నాకు దాని అసలు లాభం ఇది: లోపల ఉన్నవన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలగడం.

బేస్ ఇమేజ్ ఎంపిక దగ్గర ఎక్కువ తర్జనభర్జన జరగలేదు. ఆల్పైన్ లినక్స్ చిన్నదే కానీ దాని సీ లైబ్రరీ మజ్ల్, మా పైథాన్ డిపెండెన్సీలన్నీ డెబియన్ వాడే జీలిబ్‌సీ మీద పరీక్షించినవి. అందుకని డిస్ట్రోలెస్ పద్ధతి తీసుకున్నాం. షెల్ లేదు, ప్యాకేజీ మేనేజర్ లేదు, రూట్ యూజర్ లేదు. రెండు దశల బిల్డ్: కంపైలర్లు, హెడర్లు ఉన్న మొదటి దశలో అన్నీ కట్టుకుని, కావలసిన ఫైళ్లు మాత్రమే రెండో దశకు కాపీ చేయడం.

ఇక ఓపెన్ఎస్ఎస్ఎల్. 3.0 నుంచి దీని నిర్మాణం మారింది. ధ్రువీకరణ పొందే కోడంతా ఫిప్స్ ప్రొవైడర్ అనే ఒకే ఒక్క ఫైల్లో, ఫిప్స్.ఎస్ఓలో ఉంటుంది. సర్టిఫికెట్ గీసిన సరిహద్దు ఆ ఫైలు చుట్టూనే. టీఎల్ఎస్ ప్రోటోకాల్, సర్టిఫికెట్లు చదివే కోడ్ వగైరా మిగతా లైబ్రరీ అంతా గీతకు బయట. కాబట్టి ధ్రువీకరించిన పాత ప్రొవైడర్‌ను ఉంచుకుంటూనే చుట్టూ ఉన్న లైబ్రరీని కొత్తదానికి మార్చుకోవచ్చు. మేం చేసిందీ అదే. ప్రమాణం కొత్త రూపమైన 140-3 కింద 2025 మార్చిలో 4985 నంబరు సర్టిఫికెట్ పొందిన 3.1.2 సోర్సు నుంచి ప్రొవైడర్‌ను, 3.5 శాఖ నుంచి మిగతా లైబ్రరీని కట్టాం. ప్రొవైడర్‌ను కట్టే విధానం సెక్యూరిటీ పాలసీ అనే పత్రంలో ఉంటుంది, అక్షరం పొల్లుపోకుండా అలాగే చేయాలి. ఆప్టిమైజేషన్ ఫ్లాగులు మారుస్తాం, చిన్న ప్యాచ్ వేస్తాం అంటే కుదరదు. అలా చేస్తే బయటికొచ్చేది పనిచేసే ఫైలే, కానీ ఆ సర్టిఫికెట్ దానిది కాదు.

కాన్ఫిగరేషన్ ఫైలు చూడ్డానికి పది పన్నెండు వరుసలే, కానీ ప్రతి వరుసకూ ఒక కథ ఉంది. ఫిప్స్ ప్రొవైడర్‌ను, దానితోపాటు బేస్ ప్రొవైడర్‌ను యాక్టివేట్ చేయాలి. బేస్ ఎందుకంటే, కీ ఫైళ్లను చదివే, రాసే కోడ్ ఫిప్స్ ప్రొవైడర్‌లో ఉండదు. అది లేకపోతే సర్వర్ తన ప్రైవేట్ కీనే తెరవలేదు. డిఫాల్ట్ ప్రొవైడర్ జోలికి మాత్రం పోకూడదు. డిఫాల్ట్ ప్రాపర్టీ దగ్గర "ఫిప్స్ = యెస్" అని పెట్టాలి. చివరిగా కాన్ఫిగ్ డయాగ్నస్టిక్స్ అనే సెట్టింగుకు 1 ఇవ్వాలి. చాలా నమూనా ఫైళ్లలో ఈ వరుస కనబడదు, అది లేకపోతే కాన్ఫిగరేషన్‌లో తప్పు ఉన్నా లైబ్రరీ నోరెత్తదు. అంతకంటే ప్రమాదం ఇంకోటుంది: కాన్ఫిగరేషన్ ఫైలే దొరక్కపోతే ఓపెన్ఎస్ఎస్ఎల్ గుట్టుచప్పుడు కాకుండా డిఫాల్ట్ ప్రొవైడర్‌తో పని కానిచ్చేస్తుంది. సర్వర్ లేస్తుంది, టీఎల్ఎస్ నడుస్తుంది, అన్నీ పచ్చగా కనిపిస్తాయి, ఫిప్స్ మాత్రం ఉండదు. అందుకే ఫైలు దారిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టే ఆలోచన మానుకుని, లైబ్రరీని కట్టేటప్పుడే అందులో ఉండిపోయే డైరెక్టరీలో ఆ ఫైలు పెట్టాం. వేరియబుల్‌ను ఎవరైనా మార్చగలరు, మధ్యలో ఏ స్క్రిప్టో తుడిచేయగలదు.

ఫిప్స్‌ఇన్‌స్టాల్ కమాండ్ ప్రొవైడర్ ఫైలు మొత్తానికి హెచ్‌మ్యాక్ అనే తనిఖీ విలువ లెక్కగట్టి ఇంకో చిన్న కాన్ఫిగరేషన్ ఫైల్లో రాస్తుంది. మాడ్యూల్ లోడయ్యే ప్రతిసారీ ఆ విలువ సరిపోతుందో లేదో చూసుకుంటుంది. మాకు మొదటి ఇమేజ్ లేవలేదు. ప్రొవైడర్ స్వీయ పరీక్షలో విఫలమైందన్న సందేశం ఒక్కటే కనబడింది. ల్యాప్‌టాప్‌లో బాగుంది, బిల్డ్ దశలో బాగుంది, చివరి ఇమేజ్‌లో లేదు. రెండు చోట్లా ఫైలు సైజు పక్కపక్కన పెట్టి చూస్తే గుట్టు బయటపడింది, చివరి ఇమేజ్‌లో ఫైలు కాస్త చిన్నగా ఉంది. మా పైప్‌లైన్‌లో ఎప్పటినుంచో ఒక దశ ఉంది, బరువు తగ్గించడానికి అన్ని .ఎస్ఓ ఫైళ్ల నుంచి డీబగ్ సింబల్స్ ఒలిచేస్తుంది. హెచ్‌మ్యాక్ లెక్కగట్టాక ఆ దశ వచ్చి ఈ ఫైలునూ ఒలిచేసింది. ఒలిచాక మళ్లీ లెక్కగడితే పోదా అని ఒకరన్నారు. లోడవడానికి లోడవుతుంది, కానీ పాలసీలో చెప్పినట్టు కట్టిన ఫైలు కాకుండా పోతుంది. ఆ ఒక్క ఫైలుకు మినహాయింపు ఇచ్చాం.

3.0 శ్రేణి ప్రొవైడర్‌తో వెళ్లేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. ప్రమాణం పాత రూపమైన 140-2 నాటి ఆ పద్ధతిలో స్వీయ పరీక్షలు ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఒకసారి నడిచి, అయిపోయాయన్న గుర్తు ఫైల్లో ఉండిపోతుంది. ఆ పరీక్షలేమో నడవబోయే ప్రతి మెషీన్ మీదా కనీసం ఒకసారి జరగాలి. కంటైనర్ ఇమేజ్ ఒకచోట తయారై వందల చోట్ల నడుస్తుంది. కాబట్టి ఆ గుర్తు రాయకుండా, లోడైనప్పుడల్లా పరీక్షలు నడిచేలా ఉన్న ఆప్షన్ వాడాలి. 140-3 ప్రొవైడర్‌లో ఈ తలనొప్పి లేదు, ఎప్పుడూ లోడింగ్ సమయంలోనే నడుస్తాయి.

అన్నీ కుదిరాయనుకున్నాక అసలు పరీక్ష. ఎండీ5 ఫిప్స్ ఒప్పుకోని పాత హ్యాష్ పద్ధతి (హ్యాష్ అంటే డేటా నుంచి లెక్కగట్టే చిన్న గుర్తు). పైథాన్‌లో ఖాళీ స్ట్రింగ్‌కు దాన్ని అడగాలి, ఎర్రర్ రావాలి. ఎర్రర్ రాలేదు. డీ41డీ8సీడీ98 అంటూ మొదలయ్యే పాత మిత్రుడు తెర మీద ప్రత్యక్షమయ్యాడు. బిల్డ్ దశలో ఓపెన్ఎస్ఎస్ఎల్ కమాండ్‌తో నేరుగా అడిగితే మాత్రం కుదరదంటోంది. అంటే ప్రొవైడర్ తన పని తాను చేస్తోంది, పైథాన్ ఇంకెక్కడి నుంచో తెచ్చుకుంటోంది.

పైథాన్ హ్యాష్ లైబ్రరీ హ్యాష్‌లిబ్ సోర్సు తెరిచి చదివితే అర్థమైంది. పైథాన్ ముందు ఓపెన్ఎస్ఎస్ఎల్‌ను అడుగుతుంది. అది ఇవ్వలేనంటే తనలోనే ఉన్న సీ కోడ్‌తో లెక్కగట్టి ఇచ్చేస్తుంది. మామూలు వాడుకలో అది సౌకర్యమే. మా విషయంలో ముందు తలుపుకు తాళం వేసి దొడ్డిదారి తెరిచి ఉంచినట్టయింది. ఎండీ5 సంగతి అలా ఉంచండి, ఆమోదం ఉన్న షా-256 కూడా ఎప్పుడైనా ప్రొవైడర్ లోడవకపోతే ఇదే దారిన, ధ్రువీకరణ లేని కోడ్ నుంచి వచ్చేస్తుంది, మనకు తెలియను కూడా తెలియదు. పైథాన్‌ను సోర్సు నుంచి కట్టేటప్పుడు ఈ అంతర్గత హ్యాష్‌లను వదిలేయమని చెప్పే ఆప్షన్ ఉంది. అది పెట్టి మళ్లీ కట్టాం. ఈసారి ఎర్రర్ వచ్చింది. ఎర్రర్ చూసి చప్పట్లు కొట్టిన సందర్భం నా ఉద్యోగంలో ఇదొక్కటే. దుష్ప్రభావం ఒకటుంది. హ్యాష్‌లిబ్ ఇంపోర్ట్ అయినప్పుడల్లా ఎండీ5 దొరకలేదు, బ్లేక్2 దొరకలేదు అంటూ లాగ్‌లో బారెడు ఎర్రర్లు పోస్తుంది. హాని లేదు, కానీ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు చూసి బెదిరిపోతారు. ఆపరేషన్స్ వాళ్లకు ముందే చెప్పి పెట్టాం.

ఆ తలుపు మూశాక ఎవరెవరు ఆ దారిన పోతున్నారో వరసగా బయటపడ్డారు. స్టాటిక్ ఫైళ్ల ఈట్యాగ్ (ఫైలు మారిందా అని బ్రౌజర్ చూసుకునే గుర్తు) కోసం ఎండీ5, క్యాష్ కీల కోసం ఎండీ5. భద్రత కోసం వాడటం లేదని చెప్పే ఆర్గ్యుమెంట్ పైథాన్ 3.9 నుంచి ఉంది కదా అని అడిగారు కొందరు. నిజమే, కానీ అది పనిచేయాలంటే ఎండీ5 ఇవ్వగలిగే ప్రొవైడర్ ఏదో ఒకటి పక్కన ఉండాలి. మేం డిఫాల్ట్‌ను అసలు లోడే చేయలేదు. అన్నిటినీ షా-256కు మార్చేశాం. గంట పని కోసం నెలల తరబడి మినహాయింపుల జాబితా మోయడం నాకు ఇష్టం లేదు.

దీనికంటే లోతైన దొడ్డిదారి వీల్స్, అంటే ముందే కట్టి ఉంచిన పైథాన్ ప్యాకేజీలు. పిప్‌తో క్రిప్టోగ్రఫీ అనే ప్యాకేజీ వేసుకుంటే వచ్చే రెడీమేడ్ వీల్‌లో దాని సొంత ఓపెన్ఎస్ఎస్ఎల్ స్టాటిక్‌గా కలిసిపోయి ఉంటుంది. మనం ఇమేజ్‌లో ఎంత కష్టపడి ప్రొవైడర్ పెట్టినా ఆ ప్యాకేజీ దానివైపు కన్నెత్తి చూడదు. సైకోపీజీ2 బైనరీ ప్యాకేజీ కూడా అంతే, పోస్ట్‌గ్రెస్ కనెక్షన్‌కు తన ఎస్ఎస్ఎల్ లైబ్రరీ తానే తెచ్చుకుంటుంది. జీఆర్‌పీసీ ప్యాకేజీలో ఓపెన్ఎస్ఎస్ఎల్ నుంచి పుట్టిన బోరింగ్ఎస్ఎస్ఎల్ ఉంటుంది. ఇవి ఏ ప్యాకేజీ జాబితాలోనూ విడిగా కనబడవు. నేను పట్టుకున్న పద్ధతి మొరటుదే: ఇమేజ్‌ను టార్ ఫైలుగా బయటికి తీసి, అందులోని ప్రతి .ఎస్ఓ ఫైల్లోనూ ఓపెన్ఎస్ఎస్ఎల్, బోరింగ్ఎస్ఎస్ఎల్ అన్న అక్షరాలు వెతకడం. ఇమేజ్ పెద్దదిగా ఉన్నప్పుడు ఇలా వెతికితే కుప్పలు కుప్పలుగా వచ్చేది. చిన్నదయ్యాక ఒక తెరలో పట్టింది, ఒక్కొక్కటీ కూర్చుని తేల్చగలిగాం. క్రిప్టోగ్రఫీని, సైకోపీజీ2ను సోర్సు నుంచి మా లైబ్రరీకి లింక్ చేసి కట్టాం. మొదటిదానికి రస్ట్ కంపైలర్ కావాలి, బిల్డ్ సమయం బాగా పెరిగింది, తప్పదు. జీఆర్‌పీసీకి సిస్టమ్ ఓపెన్ఎస్ఎస్ఎల్ వాడమని చెప్పే బిల్డ్ సెట్టింగు ఉంది.

పాస్‌వర్డ్ హ్యాష్‌ల దగ్గర బీక్రిప్ట్ ఆమోదిత జాబితాలో లేదు, ఆర్గాన్2 కూడా లేదు. పీబీకేడీఎఫ్2కు వెళ్లాలి. వేరే వాతావరణంలో ఇది పెద్ద యజ్ఞమే, ఎందుకంటే పాత హ్యాష్ నుంచి కొత్తది పుట్టించలేం, యూజర్ మళ్లీ లాగిన్ అయ్యేదాకా ఆగాలి. ఈ కస్టమర్‌ది కొత్త ఇన్‌స్టలేషన్ కాబట్టి బతికిపోయాం. టీఎల్ఎస్‌లో చాచా20-పాలీ1305 సైఫర్ పోయింది, ఎవరికీ తేడా తెలియలేదు.

గో భాషలో రాసిన సర్వీసు సంగతి త్వరగా తేలింది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన గో 1.24లో భాషతోపాటే ఒక క్రిప్టో మాడ్యూల్ ఇచ్చారు. బిల్డ్ చేసేటప్పుడు ఒక సెట్టింగు పెడితే చాలు, సీ లైబ్రరీలు అక్కర్లేకుండా ఖాళీ ఇమేజ్‌లో ఒక్క బైనరీ, రూట్ సర్టిఫికెట్ల ఫైలు పెట్టుకుని నడపొచ్చు. కట్టడం ఎంత తేలికో జవాబు రాయడం అంత కష్టమైంది. మేం ఫారం నింపేనాటికి ఆ మాడ్యూల్ ఇంకా సీఎంవీపీ వాళ్ల "పరిశీలనలో ఉన్నవి" జాబితాలో ఉంది, 2025 మేలో చేరింది. పరిశీలనలో ఉండటం వేరు, సర్టిఫికెట్ ఉండటం వేరు. సేల్స్ నుంచి ఒకాయన "దాదాపు వచ్చేసినట్టే కదండీ, నంబరు వస్తుందని రాసేద్దాం" అన్నారు. "రాసేద్దాం సర్, పరిశీలనలో ఉందనే రాద్దాం" అన్నాను. అలాగే రాశాం. కస్టమర్ తరఫు సమీక్షకురాలు ఆ వాక్యాన్ని మెచ్చుకున్నారు. మిగతా జవాబులను కూడా నమ్మడానికి అదే కారణమని ఆ తర్వాత కాల్‌లో చెప్పారు.

ఆవిడ వేసిన ప్రశ్నల్లో రెండు నన్ను నిజంగా పని చేయించాయి. మొదటిది, "మీ స్కాన్ నివేదికలో సున్నా ఉంది, ఎందుకు?" ఎవరైనా సున్నా చూసి సంతోషిస్తారు, ఆవిడ అనుమానపడ్డారు. అనుమానం సరైనదే. స్కానర్లు ప్రధానంగా ప్యాకేజీ డేటాబేస్ చూసి చెబుతాయి. మొదటి దశలో సోర్సు నుంచి కట్టి రెండో దశకు కాపీ చేసిన ఓపెన్ఎస్ఎస్ఎల్, పైథాన్ ఏ డేటాబేస్‌లోనూ లేవు. స్కానర్‌కు అవి కనబడనే లేదు. కనబడనివాటిలో లోపాలు సున్నాయే మరి! ఇమేజ్‌లను నున్నగా గీసి సున్నా చూపించి గొప్పలు పోయే పద్ధతి మీద నాకు అప్పటినుంచి గౌరవం పోయింది. మేం కట్టిన ప్రతి భాగానికీ పేరు, వెర్షన్, సోర్సు చెక్‌సమ్‌తో ఎస్‌బీఓఎంలో, అంటే సాఫ్ట్‌వేర్ భాగాల జాబితాలో, ఎంట్రీలు చేర్చి, ఇమేజ్‌తోపాటే సంతకం చేసి పంపడం మొదలుపెట్టాం. తర్వాతి స్కాన్‌లో సున్నా పోయి కొన్ని వచ్చాయి. ఆవిడ దాన్ని ఆమోదించారు.

రెండోది, "మీ కంటైనర్ నడిచే హోస్ట్ కెర్నల్ ఫిప్స్ మోడ్‌లో ఉందా?" కంటైనర్‌కు సొంత కెర్నల్ ఉండదు, అది నడిచే మెషీన్ (హోస్ట్) కెర్నల్‌నే వాడుకుంటుంది. కీల తయారీకి కావలసిన యాదృచ్ఛిక బైట్లు ప్రొవైడర్‌కు హోస్ట్ కెర్నల్ నుంచే వస్తాయి, అది మాడ్యూల్ సరిహద్దుకు బయటి విషయం. ఇమేజ్ ఇచ్చేవాళ్లం మేం, ఆ కంటైనర్లు నడిచే మెషీన్ల సమూహాన్ని, అంటే క్లస్టర్‌ను, నడిపేవాళ్లు వాళ్లు. కాబట్టి ఎవరి బాధ్యత ఎంతవరకో రాసుకున్నాం. మా అప్లికేషన్ లేవగానే /ప్రాక్ కింద ఉన్న ఫిప్స్ గుర్తును చదివి లాగ్‌లో రాస్తుంది. దాన్ని చూసి ఆగిపోవాలా వద్దా అన్న నిర్ణయం వాళ్ల సెట్టింగు.

షెల్ లేని ఇమేజ్‌ను పరీక్షించడం అలవాటయ్యే దాకా చికాకే. లోపలికి వెళ్లి ప్రొవైడర్ల జాబితా అడుగుదామంటే ఓపెన్ఎస్ఎస్ఎల్ కమాండే లేదు. కర్ల్‌తో నడిచే హెల్త్ చెక్‌లు కూడా పోయాయి, అప్లికేషన్‌లోనే చిన్న ఎండ్‌పాయింట్ పెట్టి క్లస్టర్‌నే అడగమన్నాం. డీబగ్ చేయాలంటే కుబర్నెటీస్‌లో పక్కన తాత్కాలిక కంటైనర్ తగిలించుకోవడమే. వీటన్నిటి కంటే నాకు నచ్చింది అప్లికేషన్ లేచేటప్పుడు చేసే సొంత పరీక్ష. షా-256 రావాలి, ఎండీ5 రాకూడదు, 1024 బిట్ల ఆర్ఎస్ఏ కీ తయారు చేయబోతే కాదనాలి. మూడింట్లో ఏది తప్పినా ప్రాసెస్ అక్కడే ఆగిపోతుంది. పైథాన్‌లో ఫిప్స్ మోడ్ ఉందా అని అడిగే అంతర్గత ఫంక్షన్ ఒకటుంది, దాన్ని నమ్ముకోవద్దు. అది ప్రాపర్టీ పెట్టారా లేదా అన్నదే చెబుతుంది, దొడ్డిదారుల సంగతి దానికి తెలియదు.

ఇప్పుడు రోజువారీ పని ఇలా నడుస్తోంది. ఫిప్స్.ఎస్ఓ తప్ప ఇమేజ్‌లో అన్నీ క్రమం తప్పకుండా కొత్తవాటితో మళ్లీ కట్టబడతాయి. ఆ ఒక్క ఫైలు మాత్రం ఒకసారి కట్టి భద్రపరిచిన చోటు నుంచి వస్తుంది, దాని చెక్‌సమ్ మారితే బిల్డ్ ఆగిపోతుంది. ఓపెన్ఎస్ఎస్ఎల్ నుంచి కొత్త భద్రతా ప్రకటన వచ్చినప్పుడల్లా నేను ముందు తీవ్రత చూడను, ఫిప్స్ మాడ్యూళ్లకు ఈ సమస్య వర్తిస్తుందా లేదా అని రాసే వాక్యం వెతుకుతాను. వర్తించదని ఉంటే చుట్టూ ఉన్న లైబ్రరీ మార్చేస్తే సరి. వర్తిస్తుందని ఉన్న రోజున ముందు నుయ్యి, వెనక గొయ్యి. ప్యాచ్ వేస్తే సర్టిఫికెట్ పోతుంది, వేయకపోతే లోపం ఉండిపోతుంది. ఆ రోజుకు ఎవరిని పిలవాలి, కస్టమర్‌కు ఎన్ని గంటల్లో చెప్పాలి, ఏ ఫీచర్ తాత్కాలికంగా ఆపగలం అన్నది ఒక పేజీలో రాసి పెట్టుకున్నాం.

140-2 సర్టిఫికెట్లన్నీ 2026 సెప్టెంబర్ 21తో పాతబడ్డవి ఉంచే చారిత్రక జాబితాకు వెళ్తాయి. మా ఇంకో ఉత్పత్తిలో జావా సర్వీసు ఒకటి ఇప్పటికీ 140-2 కింద ధ్రువీకరించిన జార్ (జావా లైబ్రరీ ఫైలు) మీద నడుస్తోంది. నా తర్వాతి పని అదే.